ఏళ్ల తరబడి సర్వసభ్య సమావేశం పెట్టకపోతే సభ్యులు ఏం చేయగలరు?

ప్రశ్న (నల్లకుంట నుంచి ఒక సభ్యుడు):
పేద విద్యార్థులకు ఉచితంగా పుస్తకాలు, చదువుకునేందుకు చోటు సమకూర్చే ఒక సంస్థలో నేను సభ్యుణ్ణి. అది సెక్షన్ 8 కంపెనీగా, అంటే లాభాపేక్ష లేని కంపెనీగా, నమోదైంది. మొత్తం 60 మందిమి ఉన్నాం. మూడేళ్లుగా వార్షిక సర్వసభ్య సమావేశం జరగలేదు, లెక్కలు మా ముందుకు రాలేదు. అడిగినప్పుడల్లా బోర్డువారు వచ్చే నెల చూద్దామంటున్నారు. చివరికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపితే, "తీసుకోవడానికి నిరాకరించారు" అన్న పోస్ట్‌మ్యాన్ రాతతో కవరు తిరిగి వచ్చింది. నా మాట మీద విరాళమిచ్చినవారికి ఏమని చెప్పను? న్యాయస్థానం ద్వారా సమావేశం పెట్టించవచ్చా?

జవాబు (కంపెనీ సెక్రటరీ, హిమాయత్‌నగర్):
పెట్టించవచ్చు. 2013 కంపెనీల చట్టం 96వ సెక్షన్ ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగిసిన 6 నెలల్లోపు, గత సమావేశం నుంచి 15 నెలలు మించకుండా వార్షిక సమావేశం జరగాలి. జరగనప్పుడు 97వ సెక్షన్ కింద ఏ ఒక్క సభ్యుడైనా జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ హైదరాబాద్ బెంచిలో దరఖాస్తు చేసుకోవచ్చు. పది మంది సంతకాలు అక్కర్లేదు. అయితే సమావేశం జరిపించమని మాత్రమే కోరి ఊరుకోకండి. తటస్థుడైన అధ్యక్షుణ్ణి నియమించాలని, నోటీసు ఏ చిరునామాలకు వెళ్లాలో చెప్పాలని, కోరం (సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) నిండకుండా ఎవరైనా అడ్డుపడే అవకాశముంటే దానికీ ఆదేశం ఇవ్వాలని కోరండి. హాజరైన ఒక్క సభ్యుడితోనైనా సమావేశం చెల్లుతుందని ఆదేశించే అధికారం ట్రైబ్యునల్‌కు ఉంది. తిరిగి వచ్చిన ఆ కవరును విప్పకుండా అలాగే దాచండి. మీరు అడిగారనడానికీ వారు కాదన్నారనడానికీ అదే సాక్ష్యం.

జవాబు (న్యాయవాది, సికింద్రాబాద్):
ముందుగా నమోదు పత్రాన్ని మరోసారి చూసుకోమని నా మనవి, ఎందుకంటే మన నగరంలో ఇలాంటి సంస్థల్లో చాలావరకు సొసైటీలే. సొసైటీ అయితే ట్రైబ్యునల్‌కు సంబంధం లేదు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకు గాని మధ్యవర్తిత్వానికి గాని వెళ్లాలి.

ప్రశ్న అడిగిన సభ్యుడు:
నమోదు పత్రం చూశాను, సెక్షన్ 8 కంపెనీయే. ట్రైబ్యునల్ ఈ బోర్డును తొలగించి కొత్తవారిని నియమిస్తుందా?

జవాబు (కంపెనీ సెక్రటరీ, హిమాయత్‌నగర్):
97వ సెక్షన్ అందుకు కాదు. అది సభ్యులను ఒకచోట కూర్చోబెడుతుంది, నిర్ణయం మీదే. కానీ ఒక విషయం గమనించండి: బోర్డు మధ్యలో చేర్చుకున్న అదనపు డైరెక్టర్ల పదవి, సమావేశం జరగవలసిన ఆఖరు తేదీతోనే ముగిసిపోతుంది. అలాంటివారు ఇంకా సంతకాలు పెడుతున్నారేమో చూడండి. సెక్షన్ 8 కంపెనీలో సభ్యుడు కానివారిని ప్రాక్సీగా, అంటే తమ బదులు ప్రతినిధిగా, పంపడం కుదరదు కనుక, ఊళ్లో లేనివారు మరో సభ్యుడికే ఆ బాధ్యత అప్పగించాలని ఇప్పుడే చెప్పి ఉంచండి. దరఖాస్తుకు ముందు సభ్యుల రిజిస్టరు చూపమని రాతపూర్వకంగా అడగండి. పనివేళల్లో రుసుము లేకుండా చూసే హక్కు సభ్యుడిగా మీకుంది. నిరాకరిస్తే, ఆ సంగతి కూడా తేదీతో సహా దరఖాస్తులో చేర్చండి.