అప్‌డేట్: జియోకాష్‌కు చోటు కుదిరింది

అమలాపురం చుట్టుపక్కల కొత్త జియోకాష్ (జీపీఎస్ సాయంతో వెతికి పట్టుకునే ఆటలో దాచిపెట్టే డబ్బా) దాచడానికి అనుమతి దొరికే చోటు ఏదని అడిగాను కదా, కుదిరింది. మీరు చెప్పాక ధవళేశ్వరం బ్యారేజీ ఆలోచన మానేశాను. అలాంటి చోట తెలియని డబ్బా కనిపిస్తే జనానికీ పోలీసులకీ టెన్షనే. కోరింగ మడ అడవులు అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి కావాలి. లంకల్లో పెడితే వరదలకు డబ్బా కొట్టుకుపోతుంది.

చివరికి ఏటిగట్టుకు ఊరివైపున ఉన్న ఒక కొబ్బరితోట దొరికింది. రైతుగారు ముందు, "జనమొచ్చి తోటంతా తొక్కేస్తారేమోనండీ" అన్నారు. బాట పక్కనే పాత పంపుషెడ్డు దగ్గర పెడతామని, గొయ్యి తవ్వేది గానీ చెట్టుకు మేకు కొట్టేది గానీ లేదని చెప్పాక ఒప్పుకున్నారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: దింపు తీసే రోజుల్లో ఎవరూ రాకూడదు. చాలా న్యాయమైన మాట, పైనుంచి కాయ పడితే ప్రాణానికే ముప్పు. ఆ సంగతి కాష్ వివరాల్లో మొదటి వాక్యంగానే రాశాను. డబ్బా మీద అదేమిటో తెలుగులో కూడా రాసి అంటించాను.

వేరే కాష్‌కు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలన్న నియమానికి ఇబ్బంది లేదు. రైతుగారి అనుమతి సంగతి కూడా రాసి, కొత్త కాష్‌లను చూసి ఆమోదించే రివ్యూయర్‌కు పంపాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్ అండీ.