కబ్స్ ఫ్యామిలీ క్యాంప్: మొదటి రాత్రి ఇద్దరు పిల్లలతో నేనొక్కదాన్నే, సలహా కావాలి

ఇద్దరి అమ్మ:
మా బాబుకి ఏడేళ్లు, ఈ ఏడాదే కబ్స్‌లో (స్కౌట్స్‌లో చిన్నపిల్లల విభాగం) చేరాడు. వచ్చే నెల వాళ్ల ప్యాక్ (కబ్స్ బృందం) ఫ్యామిలీ క్యాంప్ పెడుతోంది. రెండు రాత్రులు, టెంట్లలోనే. నాలుగేళ్ల పాప కూడా మాతో వస్తుంది. మావారు రెండో రోజు మధ్యాహ్నానికి గానీ రాలేరు. టెంట్ వేయడం గురించి భయం లేదు, వీడియోలు చూసి హాల్లో వేసి చూశాను. నా టెన్షన్ వేరే. పాప నిద్రలో కప్పింది కప్పినట్టు తన్నేస్తుంది, చలికి ఏం చేయాలి? బాబు ఇప్పటికీ అప్పుడప్పుడు పక్క తడుపుతాడు. తోటిపిల్లలకు తెలిస్తే మళ్లీ కబ్స్ ముఖం చూడడు. లీడర్‌కి చెప్పాలా, వద్దా? పగలంతా వాడు వాళ్ల సిక్స్‌తోనే, అంటే ప్యాక్‌లోని తన చిన్న జట్టుతోనే ఉండాలట. మరి నేను అక్కడ ఏం చేయాలి? పాప కోసం ట్యాబ్ పెట్టుకుందామా అని కూడా ఆలోచిస్తున్నా.

చెట్టుకింద:
ట్యాబ్ వద్దండి. తీసిన మరుక్షణం క్యాంపులోని పిల్లలంతా మీ టెంట్లోనే ఉంటారు. పాపకి సొంత టార్చ్ ఒకటి ఇవ్వండి, సాయంత్రమంతా గడిచిపోతుంది.

పాత అకేలా:
ముందు లీడర్ సంగతి. తప్పకుండా చెప్పండి. ఈ వయసు పిల్లల్ని క్యాంపులకు తిప్పేవాళ్లకి పక్క తడపడం వింతేమీ కాదు. ఆరోగ్య వివరాల ఫారమ్‌లో ఒక లైను రాసినా చాలు, అందరి ముందూ మాట్లాడక్కర్లేదు. పుల్-అప్ (ప్యాంటులా తొడుక్కునే డైపర్) వాడేటట్టయితే చీకటి పడకముందే స్లీపింగ్ బ్యాగ్ అడుగున దాచండి. వాడు లోపలికి దూరాక అక్కడే తొడుక్కుంటాడు, ఎవరికంటా పడదు. పొడి బట్టలు ఒక జత, ఖాళీ కవరు ఒకటి చేతికందే చోట ఉంచండి. మీరు పడుకోబోయే ముందు వాణ్ని ఒకసారి లేపి టాయిలెట్‌కి తీసుకెళ్లాలి. అప్పుడు పాప ఒంటరిగా ఉండకూడదు కాబట్టి పక్క టెంట్ వాళ్లతో పగలే మాట్లాడి పెట్టుకోండి.

ఇక చలి. అందరూ పైన ఏం కప్పాలా అని చూస్తారు, అసలు చలి నేలలోంచి వస్తుంది. స్లీపింగ్ బ్యాగ్‌లో వెచ్చదనాన్ని నిలిపేది దాని పొరల్లో ఉండే గాలి. ఒంటి బరువుకి కింది వైపు నలిగిపోతే ఆ గాలి ఉండదు. అందుకని రెండో దుప్పటి కంటే ముందు ఫోమ్ మ్యాట్ చూసుకోండి. పాపకి పిల్లల సైజు బ్యాగే కావాలి. పెద్దవాళ్ల బ్యాగే దిక్కయితే కాళ్ల దగ్గర మిగిలిన భాగాన్ని కిందికి మడిచేయండి, ఖాళీ చోటుని వేడెక్కించడం చిన్న ఒంటి వల్ల కాదు. పగలు తొడిగిన బట్టలు చెమటతో ఉంటాయి, సాక్సులతో సహా మార్చాలి. తలకి టోపీ పెట్టండి, ముఖం మాత్రం బ్యాగ్ బయటే ఉండాలి. చలిగా ఉందని టెంట్ గాలి కిటికీలు మూసేయకండి. ముగ్గురు వదిలే ఊపిరిలోని తేమ లోపలి గుడ్డకి పట్టి, తెల్లారేసరికి నెత్తిన చినుకులు రాలతాయి.

పగలు ఏం చేయాలన్నారు. ఏమీ చేయకూడదు! ఫ్యామిలీ క్యాంపుల్లో అకేలాగా (కబ్స్ లీడర్‌గా) నేను పిల్లల కంటే ఎక్కువగా అదుపు చేయాల్సి వచ్చింది తల్లిదండ్రులనే. అమ్మ కనబడితే చాలు, లేసు కట్టుకోవడం వచ్చినవాడు కూడా కాలు చాపుతాడు. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌటింగ్ వ్యవస్థాపకుడు బేడెన్ పవెల్ పెట్టిన మొదటి క్యాంపులోనే పిల్లల్ని పెట్రోల్ అనే చిన్న జట్లుగా విడదీసి, ఒక్కోదానికి ఒక పెద్ద పిల్లాణ్ని లీడర్‌ని చేశారు. 1916లో కబ్స్ మొదలయ్యాక అదే పద్ధతి సిక్స్ అయింది. వాడు ప్లేటు సరిగ్గా కడగకపోతే వాడి సిక్సర్ (సిక్స్‌కి లీడరైన పిల్లాడు) చూసుకుంటాడు, మీరు లేవకండి. ఊరికే కూర్చోలేకపోతే మంట దగ్గర నీళ్ల బకెట్ కాపలా తీసుకోండి. అక్కడ పెద్దవాళ్లు ఎంతమంది ఉన్నా తక్కువే.

కొత్త నాన్న:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. పడుకునే ముందు చిన్న గ్యాస్ స్టవ్ లోపల పెట్టి టెంట్ వెచ్చబెట్టుకుంటే? ఐదు నిమిషాలే.

పాత అకేలా:
ఐదు నిమిషాలు కాదు, అసలు వెలిగించొద్దు. ఆరిపోయిందనుకున్న బొగ్గుల కుంపటి కూడా లోపలికి తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉన్నవాళ్లకి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. పైగా టెంట్ గుడ్డకి నిప్పంటుకుంటే బయటపడే వ్యవధి కూడా ఉండదు. వేడి నీళ్ల సీసాకి మూత గట్టిగా బిగించి, సాక్సులో దూర్చి బ్యాగ్‌లో పెట్టుకోండి. పిల్లలకైతే పడుకునే ముందే తీసేయండి.

ఇద్దరి అమ్మ:
చాలా థ్యాంక్స్ అండీ. లీడర్‌కి ఇవాళే మెసేజ్ పెట్టాను, మాట పూర్తికాకముందే "నేను చూసుకుంటా" అన్నారు. ఇంకొక్కటి: బాబు తన ఫ్రెండ్‌ని కూడా మా టెంట్లో పడుకోబెట్టమని ఒకటే గొడవ. వాళ్లమ్మ కూడా సరే అంటోంది.

పాత అకేలా:
వాళ్లమ్మ సరే అన్నా మీరు సరే అనకండి. కన్నవాళ్లు కాని ఒక్క పెద్ద మనిషి పిల్లలతో ఒకే టెంట్లో పడుకోకూడదన్నది పిల్లల రక్షణ కోసం పెట్టిన నియమం. మీ ప్యాక్‌లోనూ ఉండే ఉంటుంది, లీడర్‌ని అడగండి. రెండు టెంట్లూ పక్కపక్కన వేసుకోండి, గుడ్డ గోడల మధ్య ఎలాగూ అర్ధరాత్రి దాకా కబుర్లు ఆగవు. కాకపోతే మధ్యలో తాళ్లకి తెల్ల గుడ్డ ముక్కలు కట్టండి, చీకట్లో పిల్లలు బోర్లా పడేది వాటికి తట్టుకునే. ఇద్దరి మెడలోనూ విజిల్ వేయండి. తప్పిపోతే నడవకుండా ఒక చెట్టు దగ్గరే ఆగి మూడేసిసార్లు ఊదాలని ఇంట్లోనే ప్రాక్టీస్ చేయించండి. పాప చేత మాత్రం పగటిపూట చేయించండి, లేకపోతే ఆ రాత్రి ఎవరూ పడుకోరు.