ఊళ్ళె కొత్త వెంచర్, పార్కు మొత్తం కుంట పక్కనే చూపిస్తున్నరు. ఏం అడగాలె?

కుంటకట్ట:
అన్నా, అక్కా, మాది షాద్‌నగర్ దగ్గర చిన్న ఊరు. ఊరికి ఆనుకొని ఉన్న 12 ఎకరాల చెలక కొని ప్లాట్లు చేస్తమని లేఅవుట్‌కి పెట్టుకున్నరు. వచ్చే వారం ఆఫీసర్లు సైటు చూడనీకి వస్తరంట, ఊరోళ్ళకి ఏమన్న చెప్పేదుంటే రాసియ్యిండ్రి అన్నడు సెక్రటరీ సారు. ప్లాను ఫోన్ల ఫొటో తీసుకొచ్చిన. పచ్చరంగు ముక్కలు మూడున్నయి, రెండేమో మూలమలుపుల కాడ చిన్న త్రికోణాలు, పెద్దదేమో కుంటకి ఆనుకొని. ఆ జాగ నాకు బాగ తెలుసు, చిన్నప్పుడు మా నాయిన ఎడ్లు కడిగిన జాగ అది, వానలు మంచిగ పడ్డ ఏడు దసరా దాక మోకాటిబంటి నీళ్ళుంటయి. అందుల పిల్లలు ఏం ఆడుకుంటరు, ముసలోళ్ళు ఏం నడుస్తరు? వెంచరే వద్దంటలేను నేను, మా తమ్ముడే ఒక ప్లాటు తీసుకుందామని చూస్తున్నడు. గని పార్కు అంటే పార్కు లెక్క ఉండాలె కద. ఏం రాయాలె, ఎట్ల రాయాలె చెప్పుండ్రి.

గొలుసు_కొలత:
తమ్ముడూ, పదేండ్ల సంది లేఅవుట్ డ్రాయింగులు గీస్తున్న, తెల్సింది చెప్తా. ముందు లెక్క చూస్కో. ఓపెన్ స్పేస్, అంటే పార్కులకి ఇడిచే ఖాళీ జాగ, కనీసం 10 శాతం ఇడవాలె. 12 ఎకరాలంటే 58,080 గజాలు, అంటే 5,808 గజాలు రావాలె, మన లెక్కల ఒక ఎకరం మీద 8 గుంటలు. మూడు ముక్కల విస్తీర్ణం ప్లాన్ల పక్కకే టేబుల్‌ల రాసుంటది, కూడి చూడు.

అసలు సంగతి కుంట. అది 25 ఎకరాల లోపుదైతే ఎఫ్‌టీఎల్ గీత (కుంట పూర్తిగ నిండితే నీళ్ళు నిలిచే హద్దు) నుంచి 9 మీటర్లు, దానికన్న పెద్దదైతే 30 మీటర్లు బఫర్, అంటే ఏం కట్టకుండ ఇడిచిపెట్టే జాగ. బఫర్‌ని ఓపెన్ స్పేస్ లెక్కల చూపించుకోనీకి 2012ల వచ్చిన జీవో 168, అంటే సర్కారు బిల్డింగ్ రూల్సే, ఒప్పుకుంటయి, అందుకే "బఫర్ల పార్కు పెట్టిన్రు" అని ఒక్క ముక్క రాస్తే నీ అర్జీ నిలవది. నువ్వు అడగాల్సింది ఆ పచ్చముక్క ఎఫ్‌టీఎల్ గీతకి బయటున్నదా లోపలున్నదా అని. లోపలుంటే అది కుంటనే, పార్కు కాదు. సర్వే నంబర్ వేసి, ఇరిగేషన్ వాళ్ళు గీత రాళ్ళు పాతి చూపించినంకనే ముందుకు పోవాలని రాయి. అప్పుడు ఆఫీసర్‌కి కూడా ఫైల్ల ఒక కాగితం దొరుకుతది, నోటిమాట ఎవ్వరూ పట్టించుకోరు.

కానుగచెట్టు:
నేను విజయవాడ వైపు నుంచండి, రూల్ నంబర్లు మాకు వేరేగా ఉండొచ్చు కానీ మాకు జరిగింది చెప్తే మీకు పనికొస్తుందని రాస్తున్నాను. మేం ప్లాటు కొన్నప్పుడు బ్రోచర్లో పార్కు ఉంది, సైట్లో నాలుగు సిమెంటు బల్లలు, తీగ కంచె కూడా ఉన్నాయి. మా ఆయనా పక్కింటి మాస్టారూ కలిసి పదిహేను కానుగ మొక్కలు నాటారు, బిందెలతో నీళ్ళు మోసి పెంచాం. ఆరేళ్ళ తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే ట్రాక్టరొచ్చి కంచె పీకేసింది. ఏంటయ్యా అంటే ఇది నాలుగు ప్లాట్లుగా అమ్ముడైపోయింది అన్నారు. ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితం) తీయిస్తే అప్పుడు తెలిసింది, పార్కుని పంచాయతీకి గిఫ్ట్ డీడ్ చేయనేలేదు, అంటే ఉచితంగా రాసివ్వలేదు, భూమి ఇంకా వాళ్ళ పేరు మీదే ఉంది. కేసు వేశాం, నడుస్తోంది. బెంగళూరులో పార్కు జాగాని ఆసుపత్రికి ఇస్తే చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పిందని మా లాయర్ గారు ధైర్యం చెప్పారు, కానీ కోర్టు చుట్టూ తిరిగే ఓపిక ఎంతమందికుంటుంది బాబూ. మీరు ముందే అడగండి, రోడ్లూ పార్కూ రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ అయ్యాకే ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలని, ఆ డీడ్ నకలు ఊళ్ళో ఉండాలని.

మిట్టచేను:
పైన అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. ఇంకోటి, 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టు రెరాలో (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్ కావాలి కాబట్టి మీ తమ్ముడు అడ్వాన్స్ ఇచ్చే ముందు రెరా సైట్లో పెట్టిన ప్లాను దించి, మీ ఫొటోతో పక్కపక్కన పెట్టి చూస్కోమనండి. తర్వాత ప్లాను మార్చాలంటే కొన్నవాళ్ళలో మూడింట రెండొంతుల మంది రాసివ్వాలి. చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చి చూస్కుంటుందిలే అనుకోకండి, దాని పరిధి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపలే.

కుంటకట్ట:
అందరికి మస్తు థాంక్స్. టేబుల్ కూడితే 5,830 గజాలొచ్చింది, లెక్క సరిపోయింది గని అందుల 4,600 కుంట పక్క ముక్కనే. ఇయ్యాల పొద్దున పోయి చూసొచ్చిన. అక్కడ ఒక నల్లగుండు ఉంటది, దాని మీద పోయినేటి నీళ్ళ మరక నా మోకాలి కన్న జానెడు పైకే ఉన్నది, గుండు పక్కన నిలబడి మా తమ్మునితోని ఫొటోలు దీపిచ్చిన, అర్జీకి అవి కూడ జోడిస్త. బడి తొవ్వ పక్కన చింతచెట్టు కాడ మిట్ట జాగ ఉంది, పార్కు అటు జరపమని రాస్తున్న. ఒక్క డౌటు, గిఫ్ట్ డీడ్ సంగతి ఇప్పుడే అడగొచ్చునా, ఫైనల్ దాక ఆగాల్నా?

గొలుసు_కొలత:
ఇప్పుడే రాయి తమ్ముడూ. 15 శాతం ప్లాట్లు అప్రూవల్ ఇచ్చే ఆఫీసు కాడ మార్ట్‌గేజ్‌ల (తాకట్టుల) ఉంటయి, పనులైనంకనే ఇడిపిస్తరు, ఆ లోపలనే నీ మాటకి బలం. అర్జీ రెండు కాపీలు తీయి, ఒకదాని మీద ముద్ర, తారీఖు ఏపిచ్చుకొని నీ దగ్గర పెట్టుకో.