‘నిజంగా జరిగిన కథ’ అని హారర్ సినిమా ముందర వేసే కార్డు: ఉండాల్నా, తీసెయ్యాల్నా?

దేవరకొండ రీలు:
హారర్ సినిమా పడంగనే నల్ల తెర మీద ‘యథార్థ సంఘటనల ఆధారంగా’ అని తెల్ల అక్షరాలు వస్తయి. ఆ కార్డు తీసెయ్యాలె. లేదంటే ఏది జరిగిందో, ఏది అల్లిందో ఆఖర్ల చెప్పాలె. నా వాదన గింతే.

‘టెక్సాస్ చెయిన్ సా మాసకర్’ (1974) చూడుండ్రి. 1973 ఆగస్టు 18న జరిగిందని కార్డు మీద తారీఖు గూడ ఇచ్చిండ్రు. షూటింగేమో అదే ఏడు జూలై నడుమ మొదలైంది, ఆగస్టు నడుమకొచ్చేసరికి అయిపోయింది. అంటే ఘోరం జరగకముందే సినిమా తీసిపెట్టిండ్రన్నట్టు! అసలు మూలం ఎడ్ గీన్. విస్కాన్సిన్ రాష్ట్రంల ప్లెయిన్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు. 1957 నవంబర్ల దొరికిండు. ఇద్దరు ఆడోళ్లను సంపినట్టు ఒప్పుకున్నడు. ఇంట్ల దొరికిన మిగతా చర్మాలు, ఎముకలు బొందలు తవ్వి తెచ్చినవి. రంపం లేదు, టెక్సాస్ లేదు, మనుషులను తినే కుటుంబం లేదు. చర్మం ముసుగు, ఎముకల సామాను తప్ప కథంత కొత్తగ రాసుకున్నదే.

పానగల్:
కార్డు లేకుంటే టికెట్ తెగదు. అయిపాయె.

పాలమూరు సెకండ్‌షో:
ఒక్క సినిమా పట్టుకొని అన్నిటినీ కొడితే ఎట్లనే అన్నా? ‘అమిటీవిల్’ సినిమా సంగతేంది, అమెరికాల ఆ ఊరి ఇంటి మీద తీసింది? 1974 నవంబర్ 13న ఆ ఇంట్ల ఆరుగురు పండుకున్న కాడనే సచ్చిపోయిండ్రు. కాల్చింది ఆ ఇంటి పెద్దకొడుకే. ఇది కోర్టుల తేలిన ముచ్చట. 1975 డిసెంబర్ల అదే ఇంట్లకు లట్జ్ కుటుంబం వచ్చింది, 28 రోజులకే వదిలిపెట్టి పోయింది. ఇండ్ల అబద్ధమేమున్నది? ‘ఆధారంగా’ అన్నరు గని ‘అచ్చు గట్లనే’ అనలేదు గద.

దేవరకొండ రీలు:
హత్యలు నిజం. 28 రోజులు నిజం. ఆ 28 రోజుల్ల ఏం జరిగిందన్నదే కదా సినిమా! హంతకుని వకీలు విలియం వెబర్ 1979ల బయటపెట్టిండు, వైన్ సీసాలు ముందర పెట్టుకొని లట్జ్ దంపతులు, తాను కూసొని ఆ కథ అల్లినమని. సినిమాకు మూలమైన పుస్తకంల జనవరి 1న మంచు మీద గిట్టల గుర్తులు పడ్డయని ఉన్నది. వాతావరణ రికార్డు తీస్తే ఆనాడు అక్కడ మంచే లేదు. ఆ తర్వాత ఇల్లు కొన్నోళ్లకు దయ్యం రాలే, చూడ వచ్చే జనమే వచ్చిండ్రు. వాళ్ల పోరు పడలేక ఇంటి నంబరు మార్చుకునుడయింది.

పాలమూరు సెకండ్‌షో:
రికార్డు స్టేషన్ కాడిది, ఇంటి కాడిది గాదు. హన్వాడల వాన దంచికొట్టినప్పుడు పాలమూరు బస్టాండుల మట్టి లేస్తుంటది. మంచుకు గూడ అంతే.

దేవరకొండ రీలు:
వాన సంగతి వేరే. గిట్ట గుర్తు పడాల్నంటే మంచు నేల మీద పేరుకొని నిలవాలె. చుట్టుపక్కల ఏడ పడకుండ ఒక్క పెరట్లనే పేరుకుంటదా?

సాగర్ ఎడమకాల్వ:
మే నెలల నల్లగొండ, పాలమూరు మంచు కోసం కొట్లాడుతున్నయి. కానియ్యుండ్రి.

పానగల్:
మన గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నరు సూడు, గది గూడ యథార్థ సంఘటనే. రాసుడు నిజం, ఆమె వచ్చుడు కాదు.

దేవరకొండ రీలు:
‘కంజూరింగ్’ (2013) గూడ ఇంతే. బత్‌షెబా షెర్మన్ చెట్టుకు ఉరేసుకున్న మంత్రగత్తె అని చూపెట్టిండ్రు. ఆమె నిజంగ బతికిన మనిషి. ముసలిదై 1885ల పోయింది. మంత్రాలు చేసినట్టు ఒక్క కాగితం ముక్క లేదు. సినిమా వచ్చినంక జనం పోయి ఆమె సమాధి రాయి పలగ్గొట్టిండ్రు. సినిమా కథకు మూలమైన ఇల్లు అమెరికాల హారిస్‌విల్‌ల ఉన్నది, ఆ ఇంటి ఓనర్లు రాత్రిపూట గోడ దుంకి వచ్చేటోళ్లను ఆపలేక 2015ల ఆ సినిమా కంపెనీ వార్నర్ బ్రదర్స్ మీద కేసు వేసిండ్రు. కార్డు వల్ల నష్టమేందని అడిగేటోళ్లకు ఇదే జవాబు.

పాలమూరు సెకండ్‌షో:
సమాధి పలగ్గొట్టినోడు వెధవ. వాని తప్పు డైరెక్టర్ మీద ఎందుకు వేస్తవు? ఒక ముచ్చట చెప్త. నిరుడు బాణామతి చర్చల నేను నాలుగు మాటలు రాస్తే ‘మూఢనమ్మకం బ్యాచ్’ అని నవ్విండ్రు ఇదే గ్రూపుల, నాకు మంచిగ యాదున్నది. అప్పుడు నవ్వినోళ్లే ఇప్పుడు కార్డు తీసెయ్యమంటున్నరు. మీకు కావాల్సింది నిజం గాదు, ఊరోళ్లు తెలివి లేనోళ్లని చెప్పుకునుడు.

దేవరకొండ రీలు:
మంచు గురించి జవాబు లేక నిరుటి కొట్లాట తవ్వుతున్నవు.

పాలమూరు సెకండ్‌షో:
జవాబు ఉన్నది, తీసుకో. ‘ఎమిలీ రోజ్’ (2005) చూసినవా? అది కోర్టు సినిమా. మూర్ఛ అన్నోళ్ల వాదన, దయ్యం అన్నోళ్ల వాదన, రెండూ సమానంగ పెట్టిండ్రు. ఇంతకన్న నిజాయితీగ ఎవ్వడు తీస్తడు?

మందుల చీటీ (నాగర్‌కర్నూల్):
ఆ ‘సమానంగా’ అన్న దగ్గరే అసలు తంటా. జరిగింది చెప్తాను, చూడండి.

ఎమిలీ రోజ్ కథకు మూలమైన అసలు అమ్మాయి పేరు అన్నెలీస్ మిషెల్. జర్మనీలో బవేరియా ప్రాంతం, క్లింగెన్‌బర్గ్ ఊరు. 1968లో, 16 ఏళ్లప్పుడు మొదటి ఫిట్. టెంపోరల్ లోబ్ మూర్ఛ (మెదడు పక్క భాగంలో మొదలయ్యేది) అన్నారు, తర్వాత కార్బమజెపిన్ అనే ఫిట్స్ మందు ఇచ్చారు. ఈ రకం మూర్ఛలో కాళ్లు చేతులు కొట్టుకోవడమే ఉండాలని లేదు. లేని వాసన వస్తుంది, కారణం లేకుండా భయం ముంచుకొస్తుంది, చూపు ఒకచోట నిలిచిపోతుంది. కొందరికి ఫిట్ తగ్గాక మాటలు వినపడతాయి, మనిషి మారిపోయినట్టు ప్రవర్తిస్తారు. మన దగ్గర ‘గాలి సోకింది’ అని తీసుకుపోయేవాళ్లలో ఇలాంటివాళ్లు ఉంటారు.

1975 సెప్టెంబర్‌లో వుర్జ్‌బర్గ్ బిషప్ అనుమతిచ్చాడు. దాదాపు పది నెలల్లో 67 సార్లు భూతం వదిలించే ప్రార్థన చేశారు, ఒక్కోసారి నాలుగు గంటల దాకా. ఆమె తిండి మానేసింది. 1976 జూలై 1న పోయింది. వయసు 23, బరువు సుమారు 31 కిలోలు. 1978లో అషాఫెన్‌బర్గ్ కోర్టు తల్లిదండ్రులిద్దరికీ, ఇద్దరు ఫాదర్లకూ నిర్లక్ష్యంతో ప్రాణం పోవడానికి కారణమయ్యారని ఆరు నెలల శిక్ష వేసి, అమలు ఆపి, మూడేళ్లు ప్రొబేషన్ పెట్టింది.

సినిమా కథను అమెరికాకు మార్చి బోనులో ఒక్క ఫాదర్‌నే నిలబెట్టింది. తల్లిదండ్రుల మీద కేసే లేదు. మందుకు గాంబుట్రాల్ అని లేని పేరు పెట్టారు. ఒక సాక్షి వచ్చి, ఆ మందు వల్లే భూతం వదలలేదని చెప్తుంది. ఆ సీన్ పైన కార్డు ఉంటే, ఇంట్లో ఫిట్స్ గోలీలు వాడే మనిషున్నవాళ్లకు ఏమర్థమవుతుంది? ఈ గోలీలు ఉన్నట్టుండి ఆపితే ఫిట్ మీద ఫిట్ ఆగకుండా వస్తుంది, ప్రాణమే పోవచ్చు. డాక్టర్ ఆపమన్నా ఒక్కసారిగా ఆపరు, వారాలూ నెలలూ డోసు తగ్గించుకుంటూ పోతారు.

పాలమూరు సెకండ్‌షో:
అక్కా, పోస్ట్‌మార్టంల తిండి, నీళ్లు లేక పోయిందని ఉన్నది. మందు ఆపి పోయిందని లేదు. మరి మందు ముచ్చట ఎందుకు తెస్తున్నవు?

మందుల చీటీ (నాగర్‌కర్నూల్):
ఆమె ఎలా పోయిందన్నది ఒకటి, సినిమా ఏం నేర్పుతుందన్నది ఒకటి. నేను రెండోదాని గురించి అంటున్నాను. మొదటిదానికి వస్తే, చనిపోయే వారం ముందు డాక్టర్‌ను పిలిచినా బతికేదన్నది అక్కడి ప్రాసిక్యూషన్ వాదన. శిక్ష పడ్డ నలుగురిలో ఎవరూ పిలవలేదు.

పాలమూరు సెకండ్‌షో:
ఏండ్ల తరబడి డాక్టర్ల కాడికి తిప్పిండ్రు గద ఆ పిల్లను! తగ్గలే. తగ్గకపోతే ఇంకేం చేస్తరు? ఈడ గూడ అంతే. గోలీ వేస్తే పొద్దంత మత్తు, కూలికి పోరాదు, ఎన్నేండ్లు వాడాల్నో ఎవ్వరూ కూసోబెట్టి చెప్పరు. అప్పుడు మొక్కుతరు. మీరు కార్డు మీద కొట్లాడుతలేరు, ఆ మొక్కేటోళ్ల మీద కొట్లాడుతున్నరు.

దేవరకొండ రీలు:
మొక్కుకోనియ్యి, ఎవ్వరు వద్దన్నరు? తాయెత్తు ఒక చేతికి కట్టుకొని గోలీ ఇంకో చేత్తోని మింగొచ్చు. గోలీ మింగితే దేవుడు పలకడని చెప్పేటోనితోనే నా పంచాయితీ. ఆ సినిమా అదే చెప్పింది, ‘నిజం’ అని పైన ముద్రేసి మరీ చెప్పింది.

పాలమూరు సెకండ్‌షో:
ఆఖర్ల 31 కిలోలు అని వేసుకోండ్రి, కోర్టు శిక్ష వేసుకోండ్రి, నాకేం అడ్డం లేదు. ముందరి కార్డు మాత్రం ముట్టొద్దు. మత్తు రాకుండ గోలీ ఎట్ల వాడాల్నో చెప్పేటోళ్లు ఏ ఊర్లె ఉన్నరో గది రాయుండ్రి ఫస్టు.

మందుల చీటీ (నాగర్‌కర్నూల్):
మత్తు ఎక్కువ ఉంటే రాసిన డాక్టర్‌కే చెప్పాలి. డోసు తగ్గించడమో, పొద్దుటిది తగ్గించి రాత్రిది పెంచడమో, మందు మార్చడమో చేస్తారు. ఒంటి మీద దద్దు లేస్తే మాత్రం ఆగొద్దు, ఆ రోజే చూపించాలి. ఏ పూట ఫిట్ వచ్చింది, ఎంతసేపు ఉంది, ముందు రోజు గోలీ తప్పిందా అన్నది ఒక నోటుబుక్కులో రాసి తీసుకుపోతే డాక్టర్‌కు సగం పని తేలికవుతుంది.

పానగల్:
హాల్ల పక్క సీటాయనకు ఫిట్స్ వస్తే తాళాలు చేతుల పెట్టొద్దా మరి?

మందుల చీటీ (నాగర్‌కర్నూల్):
వద్దు. తాళాలు, ఉల్లిగడ్డ, చెప్పు ఏదీ పనిచేయదు. ఫిట్ దానంతట అదే ఆగుతుంది, తాళాలు పెట్టినప్పుడు ఆగితే తాళాల వల్ల అనుకుంటారు. ప్రమాదం లేకుంటే ఆయనను ఉన్నచోటి నుంచి కదపొద్దు, చుట్టూ తగిలేవి జరిపి, తలకు మెత్తగా ఏదన్నా పెట్టండి. మెడ దగ్గర గుండీ విప్పండి, కొట్టుకోవడం తగ్గగానే పక్కకు తిప్పండి. నోట్లో చెంచా, వేలు పెట్టొద్దు. కాళ్లు చేతులు గట్టిగా పట్టుకోవద్దు. ఫోన్‌లో టైమ్ చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే రెండోది వచ్చినా 108కి కొట్టండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు పట్టొద్దు.