చవక హారర్ సినిమాలంటే ఎందుకంత పిచ్చి?

రాత్రిరీలు: ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’ నిన్న పదోసారి చూశా. అందులో నటించిన పాత డ్రాక్యులా హీరో బేలా లుగోసి 1956లో పోతే, మిగతా సీన్లకి డైరెక్టర్ ఎడ్ వుడ్ తన భార్యకి వెన్ను సర్దే డాక్టర్‌ని పెట్టి, మొహానికి కేప్ (భుజాల మీంచి వేలాడే పొడుగు వస్త్రం) అడ్డం పెట్టించాడు. ఇద్దరికీ పోలికే లేదు. ఆ తెగింపు కోట్లు పోసి తీసే సినిమాల్లో దొరుకుతుందా?

నిజమాట: తెగింపు కాదండీ, మోసం. పోయినాయన పేరు వాడుకున్నారు.

మసకతెర: లుగోసి నిజంగా కనిపించేది కొద్దిసేపే. అది మాత్రం నిజం.

రాత్రిరీలు: డబ్బు లేకపోతేనే బుర్ర పనిచేస్తుంది. ‘ఈవిల్ డెడ్’కి స్టెడీక్యామ్ (కెమెరా కుదుపుల్లేకుండా పట్టే పరికరం) కొనే స్తోమత లేక కెమెరాని చెక్కకి బిగించి, చెరోవైపు పట్టుకుని అడవిలో పరిగెత్తారు. నేలబారుగా దూసుకొచ్చే ఆ దెయ్యం చూపు అలా పుట్టిందే. 1968 ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’లో రక్తం చాక్లెట్ సిరప్. నలుపు తెలుపు కాబట్టి ఆనలేదు.

నిజమాట: అవి మంచి సినిమాలు. వాటిని చూపించి చెత్తని మొయ్యకండి. నేనన్నది కేప్ గురించి.

గబ్బిలం77: ‘ట్రోల్ 2’ సినిమాలో ట్రోల్ అనే రాక్షసి ఒక్కటీ ఉండదు, అన్నీ గాబ్లిన్లనే పొట్టి దెయ్యాలే!

రాత్రిరీలు: ఆ కేపే పట్టుకుని వేలాడతారేంటి? మీకు ఈ సినిమాలంటే చులకన, అంతే.

నిజమాట: చులకనా? ఒక చిన్న దెయ్యం సినిమాకి నేను మేకప్ అసిస్టెంట్‌ని. మొహానికి అతికించే లేటెక్స్ రబ్బరు అంచు చర్మంలో కలవాలని రాత్రంతా పూత మీద పూత వేశా. తెల్లారేసరికి చెమటకి చెవి పక్కన లేచిపోయింది. మళ్లీ తీయడానికి టైం లేదన్నారు. మొదటి ఆటలో, ఏడవాల్సిన సీన్లో హాలంతా నవ్వులు. సగం డబ్బులు ఇప్పటికీ రాలేదు. మీరు పదిసార్లు చూసి నవ్వుకుంటున్నది మాలాంటివాళ్ల మీదే.

రాత్రిరీలు: నవ్వానని ఎక్కడ రాశాను? పైకెళ్లి చదవండి. ఆ కేప్ పట్టుకున్న మనిషి చెయ్యి దించడు. చూసినప్పుడల్లా నా కళ్లు ఆ చేతి మీదే ఉంటాయి. ఇది మనుషులు చేసింది అని తెలుస్తుంది. పెద్ద సినిమాల్లో ఆ ఆనవాళ్లన్నీ కంప్యూటర్లో తుడిచేస్తారు. మీ లేటెక్స్ అంచు కనిపించే సినిమానే నాకు కావాలి.

నిజమాట: కనిపించకూడదనే కదండీ రాత్రంతా కూర్చున్నది! మీకు నచ్చింది నా పని కాదు, నా పని చెడిన చోటు.

మసకతెర: ఇద్దరూ ఇన్నాళ్లూ దీని గురించేనా కొట్టుకుంటున్నది?

రాత్రిరీలు: మీరన్నది కాదనలేను. ఆ సినిమా పేరేంటి? చూస్తాను.

నిజమాట: చెప్పను.