‘చేకొనిపొమ్ము’నా, ‘తోడ్కొనిపొమ్ము’నా?

పెరటిజామ:
మా అమ్మాయి ఎయిమీ కార్టర్ ‘ది గాడెస్ టెస్ట్’ (2011)తో మొదలయ్యే మూడు నవలలూ వారంలో ముగించింది. గ్రీకు పాతాళరాజు హేడిస్ అందులో హెన్రీ అన్న పేరుతో మిషిగన్‌లో ఒక భవంతిలో ఉంటాడు. కేట్ అనే పిల్ల ఏడాదికి ఆరు నెలలు అక్కడ ఉండేట్టు బేరం కుదుర్చుకుని తన కాళ్లతో తనే వెళుతుంది. ‘పాత కథలో పెర్సెఫొనీని ఎత్తుకుపోతాడు, ఇందులో తనే వెళుతుంది నాన్నా’ అంది. పోతన భాగవతంలో మన రుక్మిణి కృష్ణుడికి పంపిన ఉత్తరంలో రెండూ ఒకే పద్యంలో చెప్పిందని గొప్పగా అందుకున్నాను. ‘అంకిలి సెప్పలేదు’ బాగానే సాగింది, చివరి పాదంలో ఆగిపోయాను. ‘కృష్ణ! పురుషోత్తమ!’ తరువాత మా నాయనమ్మ ‘తోడ్కొనిపొమ్ము వచ్చెదన్’ అని చదివేదని గుర్తు. అచ్చులో ‘చేకొనిపొమ్ము’ అని ఉంది. ఏది సరి? పనిలో పనిగా, హేడిస్ చేసిన పనికి తెలుగులో ఒక్క మాట చెప్పండి.

యతిస్థానం:
చేకొని. నాయనమ్మగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. అయితే ఛందస్సు మీకు సాక్ష్యానికి రాదు. ‘చేకొని’ అన్నా ‘తోడ్కొని’ అన్నా గురువు, రెండు లఘువులు. ఉత్పలమాల చెక్కుచెదరదు. యతి కూడా ఆ చోట లేదు.

పాతపుస్తకం:
యతిస్థానం గారూ, ఆ పేరు పెట్టుకున్నారు కనుక అడుగుతున్నాను. ఆ పాదంలో యతి ఎక్కడ కుదిరింది? మొదటి అక్షరం ‘యుం’, పదోది ‘షో’.

యతిస్థానం:
‘యుంకువ’లో ఉన్నది ఉంకువే, అంటే కన్యాశుల్కం. పురుష + ఉత్తమ. సంధిలో కరిగిపోయిన ఉకారంతో ఉంకువ ఉకారానికి మైత్రి. స్వరప్రధాన యతి. మీకు తెలియక అడిగారని నేను అనుకోవడం లేదు.

పాతపుస్తకం:
తెలిసే అడిగాను. మీరు పురుషోత్తముణ్ణి విడగొడతారా లేదా అని చూశాను.

వెన్నెలమెట్టు:
మూలం చూస్తే తగువు తీరుతుంది. వ్యాసుడిది ‘మాం రాక్షసేన విధినోద్వహ వీర్యశుల్కామ్’. వీర్యశుల్క అన్న సమాసాన్ని విప్పి పోతన ‘భవదీయ శౌర్యమే యుంకువ చేసి’ అన్నాడు. ‘ఉద్వహ’ అంటే పెళ్లాడు. దానికి దగ్గర చేకొను, అంటే స్వీకరించు, చేపట్టు. తోడ్కొనిపోవడం పుట్టింటి నుంచి చెల్లెలిని తీసుకువచ్చేటప్పుడు కూడా ఉంటుంది. అందులో పెళ్లి లేదు.
అయినా ఇంతమందీ ‘చే’ దగ్గరే కూర్చున్నారు. ‘వచ్చెదన్’ చూడండి. ఆ మాట శ్లోకంలో లేదు! ‘వస్తాను’ అని రుక్మిణి చేత అనిపించింది బమ్మెరవారు. పెరటిజామ గారి అమ్మాయి అడిగిన తేడా అంతా ఆ ఒక్క క్రియలో ఉంది.

ఏథెన్స్‌గుడ్లగూబ:
గ్రీకు వైపు నుంచి ఒక మాట. పెర్సెఫొనీ తల్లి డిమీటర్ మీద హోమర్ పేరిట ఉన్న స్తోత్రంలో మూడో పంక్తి తొలిమాటే ‘హేర్పక్సెన్’, లాక్కుపోయాడు. డేగ కోడిపిల్లను తన్నుకుపోవడం లాంటి క్రియ. వెంటనే ‘జ్యూస్ ఇచ్చాడు’ అని ఉంటుంది. తండ్రి ఇచ్చాడు, వరుడు లాక్కున్నాడు, పిల్లను అడిగిన వాడు లేడు. కొంత దూరం పోయాక ‘అఎకూసన్’ అని విడిగా చెబుతాడు, ‘ఇష్టం లేనిదాన్ని’ అని. ఆమె కేక మొదట గుహలో ఉన్న హెకటీ దేవతకి, ఆకాశంలో ఉన్న సూర్యుడికి తప్ప ఎవరికీ వినపడలేదు, తల్లికి వినిపించింది ఆ తరువాతే. కాబట్టి హేడిస్ చేసిన పనికి ‘చేకొను’ పనికిరాదు. అపహరణం.

పాతపుస్తకం:
ఆ కేకే మనువు లక్షణం. ‘క్రోశంతీం రుదతీం గృహాత్’, అరుస్తూ ఏడుస్తూ ఉన్న కన్యను ఇంట్లోంచి బలవంతంగా తీసుకుపోవడం రాక్షసం. ఆ లెక్కన పెర్సెఫొనీది అసలైన రాక్షస వివాహం. రుక్మిణిది పేరుకే. ఏడవాల్సిన పిల్లే ఉత్తరం రాసి, బలగంతో ఎల్లి, అంటే రేపు, రమ్మని తేదీ కూడా చెబితే అది ఏ వివాహం? నా సిద్ధాంతం ఏమిటంటే, పోతన ‘రాక్షస’ శబ్దాన్ని ఉంచి, ‘వచ్చెదన్’తో దాని కోరలు పీకేశాడు.

యతిస్థానం:
సిద్ధాంతం బాగుంది. కాని వెన్నెలమెట్టు గారు పది నిమిషాల ముందే చెప్పారు.

నేతిగారె:
దానిమ్మ గింజల గొడవ ఎవరూ ఎత్తరేం? అవి తినే కదా పెర్సెఫొనీ పాతాళానికి కట్టుబడిపోయింది. ఆమె తిన్నది స్తోత్రంలో ఒక్క గింజ, రోమన్ కవి ఓవిడ్ ‘మెటమార్ఫసెస్’లో ఏడు. అందుకే స్తోత్రంలో ఏడాదిలో మూడో వంతే పాతాళం, ఓవిడ్‌లో సగం. మిషిగన్ పిల్ల ఆరు నెలలు ఓవిడ్ లెక్క అన్నమాట.

ఏథెన్స్‌గుడ్లగూబ:
అదే ఓవిడ్ ‘ఫాస్తీ’లో మూడు గింజలన్నాడు. గింజలు లెక్కపెట్టి నెలలు తేల్చకండి. ఇంకొకటి, కేట్ పెర్సెఫొనీ కాదు. పెర్సెఫొనీ వదిలి వెళ్లిన చోటికి వచ్చిన మరో పిల్ల. మా ఇంట్లోనూ చదివారు లెండి.

వెన్నెలమెట్టు:
ఎత్తుకుపోవడం మాటకొస్తే ఉషా పరిణయం ఎవరికీ గుర్తురాలేదు. ఉష చెలికత్తె చిత్రరేఖ వెళ్లి నిద్రపోతున్న అనిరుద్ధుణ్ణి మంచంలోంచి ఎత్తుకొస్తుంది. అతగాణ్ణి ‘వచ్చెదవా’ అని అడిగిన వారే లేరు.

నేతిగారె:
నాకైతే ఆ ఉత్తరంలో ‘ప్రాణేశ! నీ మంజుభాషలు వినలేని కర్ణరంధ్రంబుల కలిమి యేల’ ముందు ఏదీ నిలవదు. పెళ్లి కుదరాలని మా అమ్మ నా చేత రుక్మిణీకల్యాణం నలభై రోజులు చదివించింది. అర్థం తెలిసి చదివితే ఇంట్లోవాళ్లు ఊరుకునేవారు కాదేమో! పిల్ల ‘వచ్చి తీసుకుపో’ అంటోంది మరి.

యతిస్థానం:
అమ్మా, దారి తప్పుతున్నాం. ‘చేకొనిపొమ్ము’ ఒక మాటా, రెండు మాటలా అన్నది తేలలేదు. ‘చేకొని, పొమ్ము’ అని విరిస్తే ముందు చేపట్టాలి, ఆ తరువాత ప్రయాణం. కలిపితే పట్టుకుపోవడమే.

పాతపుస్తకం:
విరిస్తే ఇంకో చిక్కు. ‘పొమ్ము, వచ్చెదన్’ అంటే ‘నువ్వు పద, నేను వెనకాలే వస్తాను’ అని కూడా వినిపిస్తుంది. సంతకు పోయేవాళ్లు అనుకునే మాటలా.

వెన్నెలమెట్టు:
ఆమె ఉత్తరం ‘వచ్చెదన్’ అంటే, కృష్ణుడి జవాబులోని కందం దేనితో మొదలవుతుందో చూసుకోండి. ‘వచ్చెద విదర్భభూమికి’. ఆమె ‘వస్తాను’కు ఆయన ‘వస్తాను’. ఇది వ్యాసుడిలో దొరకదు.

పెరటిజామ:
మా అమ్మాయికి ఇది చదివి వినిపించాను. ‘హెన్రీ ఇంతసేపు మాట్లాడడు’ అంది. నాయనమ్మ భాగవతం అటక మీద నుంచి దింపాను. అచ్చులో ‘చేకొని’ అనే ఉంది. ‘చే’ కింద పెన్సిలు గీత గీసి ఉంది, పక్కన ఏమీ రాయలేదు. అది తప్పని గీసిందో, నచ్చి గీసిందో!

పాతపుస్తకం:
గీత సంగతి అలా ఉంచండి. అదే కందంలో ‘దెచ్చెద బాలన్ వ్రేల్మిడి వ్రచ్చెద నడ్డంబు రిపులు వచ్చిన’ అన్నప్పుడు వ్రేల్మిడి, ఆ చిటికె, తేవడానికా, శత్రువులను చీల్చడానికా? పాదం చివర వేలాడుతోంది, ఎటు లాగినా వస్తుంది.

యతిస్థానం:
తేవడానికే.

వెన్నెలమెట్టు:
చీల్చడానికి.