శీతోష్ణస్థితి నమూనాల్లో మేఘాలను పిల్లలకు ఎలా వివరించాలి?

నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. ‘పది రోజుల తర్వాత వాన పడుతుందో లేదో గట్టిగా చెప్పలేనివాళ్లు 2100 నాటి వేడిని ఎలా చెబుతారు?’ అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. చక్కని ప్రశ్న. ఒక రోజు వాన వేరు, ముప్ఫై ఏళ్ల సగటు వేరని చెప్పాను. సూర్యుడి నుంచి వచ్చే శక్తికీ, భూమి తిరిగి పంపే శక్తికీ మధ్య లెక్కే ఇక్కడ ముఖ్యమనీ చెప్పాను. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి ఉష్ణోగ్రత సుమారు 2.3 డిగ్రీలు పెరుగుతుందని మనాబే, వెదరాల్డ్ అనే శాస్త్రవేత్తలు 1967లోనే లెక్కగట్టారు. ఆనాటి కంప్యూటర్లతో! తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం (ఐపీసీసీ) 2021 నివేదికలో అదే అంచనా 3 డిగ్రీలు; పరిధి 2.5 నుంచి 4.

నేను తడబడేది మేఘాల దగ్గర. శీతోష్ణస్థితిని లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలో భూమిని గడులుగా విభజిస్తారు కదా; ఒక్కో గడి సుమారు 100 కిలోమీటర్ల వెడల్పు ఉంటే, అందులో ఎక్కడో తేలే చిన్న మేఘాన్ని సమీకరణంలోకి ఎలా తెస్తారు? కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే పెరిగే వేడిని కొన్ని కొత్త నమూనాలు 5 డిగ్రీలు దాటి చూపడానికి ప్రధాన కారణం మేఘాలేనని చదివాను. నల్లబల్ల మీద గీసి చూపగల ఉదాహరణ ఎవరైనా చెప్పగలరా? పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ నమూనాతో పనిచేసినవారు ఉంటే దయచేసి రాయండి. పాఠం వచ్చే సోమవారం.